మెగాపిక్సెళ్లు కాదు, గాజు వెడల్పు: కెమెరా ఎంపిక వెనుక కాంతి లెక్క

కొల్లేరు పక్కన ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పే మా మేనల్లుడు కిందటి శీతాకాలంలో ఒక ఫొటో పంపాడు. బురద గట్టు, పలచటి నీళ్లు, మధ్యలో గోధుమరంగు చుక్క ఒకటి. "మామయ్యా, ఇది ఏ ఉల్లంకి పిట్ట?" అని కింద రాశాడు.

వాడు బడిపిల్లలతో కలిసి ఆ చుట్టుపక్కల కనిపించే పక్షుల జాబితా తయారుచేస్తున్నాడు. ఆ రోజు గట్టు మీద పేచీ వచ్చింది. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి "దాని కాళ్లు పసుపు రంగులో ఉన్నాయి సార్" అంది. తొమ్మిదో తరగతి అబ్బాయిలు ఇద్దరు కాదన్నారు. ఫోన్ తీసి ఫొటో కొట్టారు. పెద్దది చేసి చూస్తే కాళ్లే లేవు! పిట్ట గాల్లో తేలుతున్నట్టు ఉంది. ఓటు వేస్తే ఇద్దరిదే పైచేయి అయింది. జాబితాలో ఆ పేరు పక్కన ప్రశ్నార్థకం పడింది. ఆ పిల్ల రెండు రోజులు మాట్లాడలేదట.

చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, ఆ పక్షి పేరు మొత్తం ఆ కాళ్ల రంగు మీదే ఆధారపడి ఉంది. చలికాలంలో మన చెరువులకూ వరిచేలకూ వలస వచ్చే ఉల్లంకుల్లో వుడ్ శాండ్‌పైపర్, గ్రీన్ శాండ్‌పైపర్ అని రెండు రకాలున్నాయి. రెండూ ఇంచుమించు 20 సెంటీమీటర్ల పొడవు, రెండూ గోధుమరంగే, రెండూ తోక ఊపుతూ బురదలో తిరుగుతాయి. మొదటిదాని కాళ్లు పసుపు ఛాయలో ఉంటాయి. కంటిమీది తెల్లగీత కన్ను దాటి వెనక్కి సాగుతుంది. రెండోదాని కాళ్లు ముదురు ఆకుపచ్చ. తెల్లగీత కంటి దగ్గరే ఆగిపోతుంది. ఈ తేడా పట్టుకోలేకపోతే జాబితాలో రాయడానికి ఏమీ మిగలదు.

ఆ ఫోన్ పెట్టె మీద 50 మెగాపిక్సెళ్లు అని ఉంది. అంటే 5 కోట్ల చుక్కలు. 5 కోట్ల చుక్కల్లో ఒక పిట్ట కాలు ఎందుకు ఇమడలేదు? వాడు నన్ను అడిగిన అసలు ప్రశ్న అది. దాని వెనకే ఇంకోటి: "ఒక నెల జీతం పక్కన పెట్టాను. ఏ కెమెరా కొనమంటావు?"

ఫలానా కంపెనీ ఫలానా మోడల్ అని చెబితే ఆరు నెలల్లో ఆ సలహా పాతబడిపోతుంది. లెక్క చెబితే ఎప్పటికీ పనికొస్తుంది. అది పదో తరగతి భౌతికశాస్త్రం దాటని లెక్కే.

కాలు ఎన్ని పిక్సెళ్లు?

దూరంగా ఉన్న వస్తువు ప్రతిబింబం సెన్సార్ మీద ఎంత పెద్దగా పడుతుందో తెలుసుకోవడానికి సరూప త్రిభుజాలు చాలు. వస్తువు పరిమాణాన్ని లెన్స్ నాభ్యంతరంతో గుణించి, దూరంతో భాగించాలి. అంతే.

మామూలు ఫోన్‌లో ప్రధాన కెమెరా నాభ్యంతరం సుమారు 6 మిల్లీమీటర్లు. పిట్ట 30 మీటర్ల దూరంలో ఉంది. 6 మి.మీ.ని 30,000 మి.మీ.తో భాగిస్తే అయిదువేలవ వంతు. అంటే సెన్సార్ మీద ప్రతిదీ అసలు పరిమాణంలో అయిదువేలవ వంతుకు కుంచించుకుపోతుంది. 20 సెంటీమీటర్ల పిట్ట 40 మైక్రాన్లు అవుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. కాలు మందం 3 మిల్లీమీటర్లు అనుకుందాం. దాని ప్రతిబింబం 0.6 మైక్రాన్లు. ఆ ఫోన్ పిక్సెల్ వెడల్పు సుమారు ఒక మైక్రాన్.

కాలు కన్నా పిక్సెల్ పెద్దది! ఇక కాలు ఎక్కడ కనబడుతుంది? వెనకున్న బురద రంగులో కలిసిపోయింది. 5 కోట్ల పిక్సెళ్లలో ఆ పిట్టకు దక్కింది అడ్డంగా ఓ నలభై. మిగిలినవన్నీ ఆకాశాన్నీ నీళ్లనూ ఎంతో శ్రద్ధగా నమోదు చేశాయి.

రంగు విషయంలో సంగతి ఇంకా పలచన. కెమెరా సెన్సార్‌కు స్వతహాగా రంగులు తెలియవు. ఎంత కాంతి పడిందో మాత్రమే తెలుసు. అందుకే ప్రతి పిక్సెల్ మీదా ఒక చిన్న రంగు అద్దం పెడతారు. సగం పిక్సెళ్లకు ఆకుపచ్చ, పావు వంతుకు ఎరుపు, పావు వంతుకు నీలం. కోడక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ ఈ అమరికకు 1976లో పేటెంట్ పొందాడు. నేటికీ అత్యధిక కెమెరాల్లో, ఫోన్లలో అదే అమరిక, లేదా దాని పిల్ల రూపం. మన కంటికి ఆకుపచ్చ ప్రాంతంలో సున్నితత్వం ఎక్కువ కాబట్టి ఆ రంగుకు రెట్టింపు వాటా. ఈ లెక్కన 24 మెగాపిక్సెళ్ల కెమెరా నిజంగా కొలిచేది 12 మెగాపిక్సెళ్ల ఆకుపచ్చ, ఆరేసి మెగాపిక్సెళ్ల ఎరుపు, నీలం. తక్కిన రంగులన్నీ పక్క పిక్సెళ్లను చూసి వేసుకున్న అంచనాలు. కాబట్టి ఒక వస్తువు రంగు నమ్మకంగా చెప్పాలంటే దాని ప్రతిబింబం కనీసం నాలుగైదు పిక్సెళ్ల వెడల్పు ఉండాలి.

ఇప్పుడు అదే పిట్టను 300 మి.మీ. లెన్స్‌తో చూడండి. కుంచించుకుపోవడం వందో వంతు మాత్రమే. కాలు 30 మైక్రాన్లు. 24 మెగాపిక్సెళ్ల మధ్యరకం కెమెరాలో పిక్సెల్ దాదాపు 4 మైక్రాన్లు. ఏడెనిమిది పిక్సెళ్లు కాలికే వచ్చాయి. రంగు తేలిపోతుంది.

ఇక్కడ ఆ అమ్మాయి సంగతి ఒకటి చెప్పాలి. మామూలు మనిషి కన్ను విడదీసి చూడగలిగే కనీస కోణం ఒక డిగ్రీలో అరవయ్యోవంతు. 30 మీటర్ల దగ్గర అది 9 మిల్లీమీటర్లకు సమానం. 3 మిల్లీమీటర్ల కాలి రంగు ఉత్త కంటితో ఎవరికీ తెలిసే అవకాశం లేదు. కానీ ఆ సమయంలో బడికి ఉన్న ఒకే ఒక బైనాక్యులర్ ఆ పిల్ల చేతిలో ఉంది. 8 రెట్లు పెంచేది. 9ని 8తో భాగిస్తే ఒక మిల్లీమీటరు పైచిల్లర. అంటే ఆ పిల్లకు కాలి రంగు కనిపించి ఉండవచ్చు. కాదన్న ఇద్దరికీ కనిపించే వీలే లేదు. ఈ లెక్క కాగితం మీద వేసి పంపాను. మేనల్లుడు దాన్ని తరగతిలో నల్లబల్ల మీద వేశాడట.

పక్షులను చూడటమే మీ ఉద్దేశమైతే, కెమెరా కన్నా ముందు మంచి బైనాక్యులర్ కొనుక్కోండి. ధరకు దక్కే వివరంలో దాన్ని మించింది లేదు. కెమెరా అవసరం వచ్చేది సాక్ష్యం కావలసినప్పుడు, అంటే మీరు చూసింది మరొకరికి చూపవలసినప్పుడు.

ఎంత కాంతి లోపలికి వస్తోంది?

పరిమాణం ఒక ఎత్తు, కాంతి ఇంకో ఎత్తు. ప్రకటనల్లో కనబడని అంకె ఒకటుంది. నాభ్యంతరాన్ని ఎఫ్ సంఖ్యతో భాగిస్తే లెన్స్ ద్వారం వ్యాసం వస్తుంది. ఎఫ్/5.6 అన్న రాతకు అర్థమే అది, నాభ్యంతరంలో 5.6వ వంతు వెడల్పున్న ద్వారం అని. 300 మి.మీ. లెన్స్ ఎఫ్/5.6 అయితే ద్వారం 54 మి.మీ. ఫోన్‌లో 6 మి.మీ.ని 1.8తో భాగిస్తే 3.3 మి.మీ. పిట్ట మీద పడి మనవైపు వచ్చే కాంతిలో ఎంత పట్టుకుంటామన్నది ఈ ద్వారం వైశాల్యం బట్టి ఉంటుంది. వాన పడుతుంటే బొచ్చె పెట్టామా, తాంబాళం పెట్టామా అన్నట్టు. వ్యాసంలో 16 రెట్లు తేడా అంటే వైశాల్యంలో 260 రెట్లు.

టెలిస్కోపులను అద్దం వెడల్పుతో చెబుతారే గాని మెగాపిక్సెళ్లతో కాదు. కెమెరా దుకాణంలోనూ అదే అడగాలి.

కాంతి ఎక్కువైతే ఏమొస్తుంది? కాంతి ఫోటాన్లుగా వస్తుంది. 1905లో ఐన్‌స్టీన్ కాంతివిద్యుత్ ఫలితాన్ని వివరించింది ఈ ఊహతోనే. సెన్సార్ పిక్సెల్ కూడా అదే ఫలితం మీద నడుస్తుంది. ఫోటాన్ తగిలితే సిలికాన్‌లో ఎలక్ట్రాన్ విడుదలవుతుంది, దాన్ని లెక్కపెడతారు. కానీ ఫోటాన్లు చినుకుల్లా అస్తవ్యస్తంగా వస్తాయి. సగటున 100 రావలసిన చోట ఒకసారి 90, ఒకసారి 110 వస్తాయి. ఈ హెచ్చుతగ్గు సుమారుగా ఆ సంఖ్య వర్గమూలం. 100 ఫోటాన్లకు 10, అంటే పదిశాతం గరుకు. 10,000 ఫోటాన్లకు 100, అంటే ఒక్క శాతం. రాత్రి ఫొటోల్లో కనిపించే ఇసుక చల్లినట్టున్న మచ్చల్లో పెద్ద వాటా దీనిదే. ఐఎస్‌ఓ పెంచితే కాంతి పెరగదు. వచ్చిన కొద్దిపాటి లెక్కనే పెద్దది చేసి చూపిస్తుంది, గరుకుతో సహా.

మరి పెద్ద సెన్సార్ గొప్పదంటారే, అది ఎక్కడ వస్తుంది? ఒకే దృశ్యాన్ని నింపడానికి పెద్ద సెన్సార్‌కు పొడవైన నాభ్యంతరం కావాలి. అదే ఎఫ్ సంఖ్యకు ద్వారం కూడా వెడల్పవుతుంది. సెన్సార్ పెద్దదైనందుకు వచ్చిన లాభం అసలు అలా గాజు దారిలోనే వస్తుంది. పూర్తి ఫ్రేమ్ సెన్సార్ 36×24 మి.మీ., ఏపీఎస్‌-సీ సుమారు 23.5×15.6 మి.మీ., చిన్న జూమ్ కెమెరాల్లోది దాదాపు 6.2×4.6 మి.మీ. "ఒక అంగుళం" అని అమ్మే సెన్సార్ 13.2×8.8 మి.మీ. మాత్రమే. దాన్ని ఏ వైపు కొలిచినా అంగుళం రాదు. ఆ పేరు పాతకాలపు టెలివిజన్ కెమెరా గాజు గొట్టాల బయటి వ్యాసం నుంచి వచ్చింది. గొట్టాలు పోయి తరం దాటింది, కొలత మాత్రం ఇంకా పెట్టెల మీద బతికే ఉంది.

ఇంట్లో, బయట

మధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. రాత్రి దీపాల వెలుగులో మన ముందుగది 100, 200 లక్స్ ఉంటే ఎక్కువ. వెయ్యి రెట్ల దాకా తేడా! మన కన్ను సర్దుకుపోతుంది కాబట్టి మనకది తెలియదు. కెమెరా సర్దుకోలేదు. అందుకే దుకాణం బయట ఎండలో తీసి చూస్తే అన్ని కెమెరాలూ బాగానే ఉంటాయి. పరీక్ష చేయాలంటే దుకాణం వెనక మూలకు తిప్పి తీయండి.

ఇంటి ఫొటోల్లో ఇప్పటి ఫోన్లను తక్కువ చేసి మాట్లాడను. చిన్న ద్వారాన్ని అవి గణితంతో పూడ్చుకుంటాయి. మీరు ఒకసారి నొక్కితే అవి వరసగా చాలా ఫొటోలు తీసి ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తాయి. తొమ్మిది పేరిస్తే గరుకు మూడోవంతుకు తగ్గుతుంది, మళ్లీ అదే వర్గమూలం. కదలని వస్తువులకు ఇది అద్భుతం. పిల్లాడు పరుగెత్తుతుంటే, కూచిపూడి నర్తకి చేయి తిప్పుతుంటే మాత్రం పేర్చడానికి ఏ రెండు ఫొటోలూ ఒకలా ఉండవు.

లెన్స్ మార్చుకునే కెమెరా ఇంట్లో వాడాలనుకునేవారికి ఒక మాట. దానితో వచ్చే 18-55 మి.మీ. లెన్స్ చివరి కొసన ఎఫ్/5.6 ఉంటుంది, ద్వారం 10 మి.మీ. 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్స్ చిన్నది, తేలికది, లెన్సుల్లోకెల్లా చవకైన వాటిలో ఒకటి. దాని ద్వారం 28 మి.మీ. కాంతి ఎనిమిది రెట్లు. ఖరీదైన కెమెరా, దానితో వచ్చిన లెన్స్ కన్నా మామూలు కెమెరా, ఈ చిన్న లెన్స్ మేలని నా అభిప్రాయం. దీనికి జూమ్ ఉండదు. మనమే రెండడుగులు ముందుకో వెనక్కో వేయాలి, అంతే.

చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు ఇప్పుడు చాలా కెమెరాల్లో వస్తోంది. మంచిదే. అది మీ చేతిని ఆపుతుంది, పిట్టను ఆపదు. ఎగిరే పక్షికి సెకనులో వెయ్యో వంతో, రెండువేలవ వంతో షట్టర్ కావాలి. అంత తక్కువ సమయంలో కావలసినంత కాంతి రావాలంటే మళ్లీ ద్వారం దగ్గరికే రావాలి.

పెద్ద జూమ్‌ల మాయ ఎంత, నిజం ఎంత?

మేనల్లుడి దగ్గరున్న డబ్బుకు రెండు దారులు కనిపించాయి. ఒకటి, చేతులు మారిన పాత డీఎస్‌ఎల్‌ఆర్, దానికి 300 మి.మీ. దాకా వెళ్లే లెన్స్. రెండోది, లెన్స్ విడదీయలేని పెద్ద జూమ్ కెమెరా, అదీ పాతదే. ఇటువంటి వాటిలో 83 రెట్ల జూమ్ అని, 2000 మి.మీ.కి సమానమని రాసి ఉంటుంది. "సమానం" అన్న మాట దగ్గర ఆగండి. అసలు నాభ్యంతరం 357 మి.మీ. సెన్సార్ చిన్నది కాబట్టి పూర్తి ఫ్రేమ్‌లో 2000 మి.మీ. లెన్స్ చూపే కోణాన్ని ఇది చూపిస్తుంది.

నేను మొదట దీన్ని కొట్టిపారేశాను. అంత చిన్న సెన్సార్, 1.34 మైక్రాన్ల పిక్సెళ్లు, పైగా చివరి కొసన ఎఫ్/6.5. ఇక్కడ కాంతి తరంగ స్వభావం అడ్డొస్తుంది. ద్వారం గుండా వచ్చిన కాంతి వివర్తనం చెంది, చుక్కను చుక్కగా కాక చిన్న బిళ్లగా పరుస్తుంది. ఆ బిళ్ల వ్యాసం 2.44ను కాంతి తరంగదైర్ఘ్యంతో, ఎఫ్ సంఖ్యతో గుణిస్తే వస్తుంది. ఆకుపచ్చ కాంతికి 0.55 మైక్రాన్లు తీసుకుంటే 8.7 మైక్రాన్లు. అంటే ఒక్కో చుక్క అడ్డంగా ఆరు పిక్సెళ్ల మీద పరుచుకుంటుంది. పదహారు మెగాపిక్సెళ్లు అన్నది ఆ కొసన కాగితం మీది మాటే. లెన్స్ ఎంత గొప్పగా చేసినా ప్రకృతి గీసిన ఈ గీత దాటదు.

అయితే నా వాదన నేనే లెక్కవేసుకుంటే సగం కూలిపోయింది. 357ను 6.5తో భాగిస్తే ద్వారం 55 మి.మీ. మొదటి దారిలోని 300 మి.మీ. ఎఫ్/5.6 లెన్స్ ద్వారం 54 మి.మీ. రెండూ ఒకటే! పిట్ట నుంచి రెండూ పట్టే కాంతి దాదాపు సమానం. వివర్తనం విధించే హద్దు కూడా ద్వారం వెడల్పు బట్టే కాబట్టి, 30 మీటర్ల దగ్గర రెండూ విడదీయగలిగేది సుమారు 0.4 మి.మీ. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఆ హద్దు పిక్సెల్ వెడల్పు దగ్గరా వస్తుంది, వివర్తనం దగ్గరా వస్తుంది. జూమ్ కెమెరాలో వివర్తనం దగ్గరే వస్తుంది. కూర్చున్న పిట్ట కాలి రంగు చెప్పడానికి ఏదైనా చాలు.

తేడాలు వేరే చోట ఉన్నాయి. ఎగిరే పక్షిని వెంటాడి ఫోకస్ చేయడంలో డీఎస్‌ఎల్‌ఆర్, కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలు ముందుంటాయి. మిర్రర్‌లెస్ వాటిలో చాలా మోడళ్లు పక్షి కంటిని వాటంతట అవే గుర్తుపట్టి పట్టుకుంటాయి కూడా. ఎగిరే పక్షుల మీద మనసుంటే జూమ్ కెమెరా వద్దు. జూమ్ కెమెరా గది లోపల మరీ బలహీనం. వెడల్పు కోణంలో దాని నాభ్యంతరం 4.3 మి.మీ., ఎఫ్/2.8. ద్వారం ఒకటిన్నర మిల్లీమీటరు, ఫోన్‌లో సగం కూడా లేదు! బరువు మాత్రం కిలో. మరోవైపు దానికి లెన్స్ మార్చే పని లేదు. గట్టు మీద పిల్లలు మధ్యలో నిలబడి లెన్స్ మారుస్తుంటే సెన్సార్ మీద దుమ్ము పడే బాధ లేదు. ఇంట్లో ఫోన్ ఎలాగూ ఉంది.

ఇక్కడ ఏ లెన్సూ గెలవలేనిది ఒకటుంది. పదిగంటలు దాటాక గట్టు వేడెక్కి, దాని మీది గాలి పొరలు వేరువేరు సాంద్రతలతో కదులుతూ కాంతిని అటూఇటూ వంచుతాయి. దూరపు రోడ్డు మీద నీళ్లలా మెరిసేది కూడా వేడిగాలి కాంతిని వంచడం వల్లే. అప్పుడు లక్షల రూపాయల లెన్స్ కూడా ఉడుకుతున్న పిట్టనే చూపిస్తుంది. పొద్దున్నే వెళ్లండి. లేదా దగ్గరకు వెళ్లండి, గూళ్ల దగ్గరకు మాత్రం వద్దు. తల్లి లేచిపోతే ఎండకు గుడ్లూ పిల్లలూ దెబ్బతింటాయి.

మన ఎండ, మన తేమ

కెమెరా సమీక్షలు ఎక్కువగా చల్లటి దేశాల్లో రాస్తారు. అందుకే వాటిలో కొన్ని విషయాలు ఉండవు.

మొదటిది, కంటికి ఆనించి చూసే వ్యూఫైండర్. మన ఎండలో వెనక తెర కనపడదు, సొంత ముఖం కనపడుతుంది. బయట వాడే కెమెరాకు వ్యూఫైండర్ లేకపోతే నేనైతే కొనను. డీఎస్‌ఎల్‌ఆర్‌లో అది అద్దం గుండా నేరుగా చూసేది, బ్యాటరీ ఖర్చు లేదు. మిర్రర్‌లెస్‌లో అది చిన్న తెర. ఫొటో ఎలా వస్తుందో ముందే చూపిస్తుంది, బదులుగా బ్యాటరీ తింటుంది. ఇంకో బ్యాటరీ జేబులో ఉంచుకోవాలి.

రెండోది వేడి. చాలా కెమెరాల చేతిపుస్తకంలో వాడదగిన ఉష్ణోగ్రత 40 డిగ్రీల వరకు అని ఉంటుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఆ అంకె పొద్దున పదకొండుకే దాటిపోతుంది. కెమెరా వెంటనే చెడిపోదు గాని, ఎండలో ఆపిన కారులో వదిలేస్తే మాత్రం లిథియం-అయాన్ బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. తెల్లటి తుండుగుడ్డ కప్పండి చాలు.

మూడోది బూజు. దీని మీద నాకు సొంత కక్ష ఉంది. సముద్రపు ఊళ్లో ఉన్నప్పుడు నా మంచి లెన్స్‌ను తోలు సంచిలో పెట్టి, భద్రంగా ఉందనుకుంటూ ఒక వర్షాకాలమంతా బీరువాలో ఉంచాను. తీసి చూస్తే లోపలి గాజు మీద సాలెగూడు లాంటి తెల్లటి పోగులు. శిలీంధ్రం! బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. తేమ 60, 65 శాతం దాటి, చీకటీ కదలని గాలీ తోడైతే మొలకెత్తుతాయి. తోలు, గుడ్డ తేమను పట్టి ఉంచి వాటికి ఇల్లు కట్టి ఇస్తాయి. కొన్ని శిలీంధ్రాలు వదిలే ఆమ్లాలు గాజు పూతను కొరికేస్తాయి, తుడిచినా మచ్చ పోదు. ఇప్పుడు నాది మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, అడుగున సిలికా జెల్, పక్కన చిన్న తేమ కొలిచే మీటరు. 40, 50 శాతం మధ్య ఉంచుతాను. నీలం గుళికలు గులాబీ రంగుకు, నారింజ గుళికలు ఆకుపచ్చకు తిరిగితే తేమ పీల్చేసినట్టు. వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. బియ్యం డబ్బాలో పెట్టమనే సలహా వినకండి. బియ్యం పెద్దగా తేమ పీల్చవు, పొడి మాత్రం బాగా రాలుస్తాయి.

ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తెచ్చినా ఇబ్బందే. చల్లటి గాజు మీద గాలిలో తేమ మంచులా పడుతుంది. అరగంట సంచిలోనే ఉంచి, బయటి వేడికి అలవాటుపడ్డాక తీయాలి. ఇక "వాతావరణ రక్షణ ఉంది" అన్న మాటకు కొలత ఏమిటో అడగండి. ఐపీ68 అని ఉంటే 6 దుమ్ముకు, 8 నీళ్లలో మునగడానికి సంబంధించిన అంతర్జాతీయ పరీక్షలు. ఎంత లోతు, ఎంతసేపు అన్నది తయారీదారు చెప్పాలి. ఏ అంకే లేకుండా ఉత్త మాట ఉంటే, తుంపరకు పనికొస్తుంది, వానకు కాదు అని అర్థం చేసుకోవడం క్షేమం.

స్కేలు పరీక్ష

పాత కెమెరా కొనేటప్పుడు చేయమని నేను చెప్పినవి మూడే పనులు. ఫోన్ టార్చి వెలుగును లెన్స్ వెనక నుంచి పంపి, ముందు నుంచి చూస్తూ పోగులున్నాయేమో వెతకడం. తెల్లగోడను ఫొటో తీసి నల్లచుక్కలున్నాయేమో చూడటం. మూడోది బడి స్కేలు. ప్లాస్టిక్ స్కేలును గోడకు అతికించి, ముప్ఫై పెద్ద అడుగులు వెనక్కి వచ్చి, పూర్తి జూమ్‌లో ఫొటో తీసి, మిల్లీమీటరు గీతలు విడివిడిగా లెక్కపెట్టగలమా అని చూడటం. గీతలు విడిపోతే పిట్ట కాలు కూడా విడిపోతుంది. ఈ పరీక్ష ఏ కెమెరాకైనా, ఏ ఫోన్‌కైనా చేయవచ్చు. ఖర్చు పది రూపాయలు.

మేనల్లుడు జూమ్ కెమెరాయే కొన్నాడు. దుకాణం ఎదుటి గోడ మీద స్కేలు గీతలు విడిపోయాయట. మిగిలిన డబ్బుతో బడికి రెండో బైనాక్యులర్ కొన్నాడు. అది నేను చెప్పింది కాదు, కానీ వింటే సంతోషం వేసింది.

ఈ చలికాలం అదే గట్టు మీద, పొద్దున ఏడున్నరకు, ఆ అమ్మాయే కెమెరా పట్టుకుంది. ఫొటో నాకు వచ్చింది. కంటి వెనక్కి సాగిన తెల్లగీత, బురద అంటిన పసుపు కాళ్లు. వుడ్ శాండ్‌పైపరే, సందేహం లేదు. అయితే కిందటేటి పక్షి కూడా అదేనని దీంతో రుజువు కాదు. ఆ వరసలో ప్రశ్నార్థకం అలాగే ఉంచారు. అలా ఉంచమన్నది కూడా ఆ పిల్లేనట.

నమోదు చేయబోతే ఇంకో చిక్కు వచ్చింది. ఫొటో వివరాల్లో తేదీ 2019 జనవరి 1 అని ఉంది. పాత కెమెరా నెలల తరబడి బ్యాటరీ లేకుండా పడి ఉంటే లోపలి చిన్న ఘటం ఖాళీ అయి, గడియారం మొదటికి వెళ్లిపోతుంది. కొన్నాక దాన్ని సరిచేయడం అందరూ మరిచారు. ఇప్పుడు గడియారం మార్చేస్తే అప్పటికే తీసిన 200 ఫొటోల గతి ఏమిటి? తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు, కిందటేడు కాదన్న ఇద్దరిలో ఒకడు, ఉపాయం చెప్పాడు. ఫోన్‌లో గడియారం తెరిచి, దాన్ని ఈ కెమెరాతోనే ఫొటో తీశారు. ఫొటోలో కనిపించే సమయానికీ, ఫొటో మీద కెమెరా వేసుకున్న సమయానికీ తేడా తీశారు. అన్ని ఫొటోలకూ అంతే తేడా కలిపారు. ఆ తరువాతే గడియారం సరిచేశారు.